పాత చెక్క కిటికీలు మార్చడానికి ఖర్చు ఎలా లెక్క వేసుకోవాలి?

నల్లకుంట_నివాసి
హైదరాబాద్‌లోని మా అపార్ట్‌మెంట్ 1996లో కట్టినది, మాది రెండో అంతస్తు. అన్ని కిటికీలకూ చెక్క చట్రాలు, బయటికి తెరుచుకునే చెక్క రెక్కలు, లోపలివైపు ఇనుప గ్రిల్ ఉన్నాయి. పడమటి పడకగదుల్లో రెక్కలు వానాకాలం వస్తే ఉబ్బి పట్టేస్తున్నాయి, ఎండాకాలంలో సందులు తేలి దుమ్ము లోపలికి వస్తోంది. గాలివాన కొట్టినప్పుడల్లా హాలు కిటికీ కింద గోడ తడిసి లప్పం పెచ్చులుగా రాలుతోంది. మొత్తం 103 చదరపు అడుగులు: హాలులో 6×4 ఒకటి, పడకగదుల్లో 4×4 నాలుగు, వంటగదిలో 3×3 ఒకటి, స్నానాలగదుల్లో 2×1.5 వెంటిలేటర్లు రెండు. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీల కోసం ముగ్గురిని అడిగితే ఒకరు 80 వేలు, ఒకరు లక్షా 35 వేలు, మరొకరు 2 లక్షల 40 వేలు చెప్పారు. కొలతలు అవే, కిటికీలు అవే అయినప్పుడు ఇంత తేడా ఎలా వస్తుంది? విశ్రాంత ఉద్యోగిని కాబట్టి ఒకేసారి పెట్టే స్తోమత లేదు. విడతలుగా చేయించుకోవచ్చా?

కొలతబద్ద
ముగ్గురూ చెప్పింది ఒకే వస్తువు గురించి కాదు. జీఎస్‌టీ కలిపారా, గాజు మందం ఎంత, టఫెండ్ (వేడితో గట్టిపరచిన) గాజా మామూలు గాజా, జాలీకి వేరే ట్రాక్ ఉందా, ప్లాస్టిక్ చట్రం లోపల ఇనుము ఉందా, పాత చట్రం తీయడం ఎవరి పని అన్న విషయాలు రాతపూర్వకంగా అడగండి. జీఎస్‌టీ 18 శాతం అంటేనే 80 వేలు కాస్తా 94,400 అవుతుంది.

సైనిక్‌పురి_శారద
మాకు ఇచ్చిన కోట్‌లో 3 చదరపు అడుగుల వెంటిలేటర్‌కు 6 చదరపు అడుగుల ధర వేశారు. చిన్న కిటికీలకు కనీస కొలత అని ఒకటి ఉంటుందని అప్పుడే తెలిసింది. మీ కోట్‌లలో వెంటిలేటర్లను ఎలా లెక్కించారో ముందు చూడండి.

టేకు_మనిషి
అసలు మార్చాలా అన్న ప్రశ్న ఎవరూ అడగలేదు, నేను అడుగుతున్నాను. 1996 నాటి చెక్క టేకు అయితే దాన్ని పీకి పారేయడం నాకు మనసొప్పని పని. ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని చట్రం కింది మూలల్లో గట్టిగా గుచ్చి చూడండి. నీరు నిలిచేదీ కుళ్లేదీ ముందు అక్కడే. మొన దిగకపోతే చెక్క బాగున్నట్టే. తర్వాత చట్రం పొడవునా వేలితో తట్టండి, డొల్ల శబ్దం వస్తే చెదలు తిన్నట్టు. ఈ రెండు పరీక్షల్లోనూ నిలబడిన చట్రానికి కొత్త బీడింగ్ (సన్నని అంచు చెక్కపట్టీ), కొత్త కీళ్లు, రెక్క అంచున కొద్దిగా చిత్రిక, అన్ని పక్కలా రంగు సరిపోతాయి. వానాకాలంలో రెక్కలు ఉబ్బడానికి చాలాసార్లు కారణం రెక్క అడుగు అంచుకూ పై అంచుకూ రంగు వేయకపోవడమే. రంగు లేనిచోట చెక్క తేమ పీలుస్తుంది. రెక్కను ఊడదీసి నాలుగు అంచులకూ రంగు వేసే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి ఏటా అదే బాధ. కీళ్లూ గడియలూ రాణిగంజ్‌లో మంచివి దొరుకుతాయి, ఇత్తడివి తీసుకోండి.

పడమటి_గది
టేకు_మనిషి గారు చెప్పింది టేకుకు సరిపోతుంది కానీ ఆ రోజుల్లో అపార్ట్‌మెంట్లు కట్టినవారిలో అందరూ టేకు వాడలేదు. ప్రధాన ద్వారానికి టేకు పెట్టి కిటికీలకు మద్దో వేపో వేసిన ఇళ్లు చాలా చూశాను. అలాంటి చెక్క ఒకసారి వంగిన తర్వాత చిత్రిక పట్టించినా మళ్లీ వంగుతుంది.

నల్లకుంట_నివాసి
ఇప్పుడే గుచ్చి చూశాను. పడమటి వైపు రెండు కిటికీల కింది మూలల్లో మొన సులువుగా దిగింది. తూర్పు పడకగది కిటికీలు రెండూ, హాలు కిటికీ గట్టిగానే ఉన్నాయి. వంటగది కిటికీ చట్రం బాగుంది, రెక్కలే పాడయ్యాయి. హాలులో చట్రం గట్టిగా ఉన్నప్పుడు గోడ ఎందుకు తడుస్తోందో అర్థం కావడం లేదు.

మేస్త్రీ_కొడుకు
గోడ తడవడానికి కిటికీయే కారణమని నమ్మి కొత్త కిటికీ పెట్టించుకున్నా గోడ మళ్లీ తడిసే ఇళ్లు చాలా ఉన్నాయి. అందుకే ఈ విషయం కొంచెం వివరంగా చెబుతున్నాను. మీ హాలు కిటికీ బయట మూడు చోట్ల చూడండి. మొదటిది సజ్జ. సజ్జ గోడను కలిసే మూలలో చీలిక ఉంటే నీరు గోడలోకి దిగి, కిటికీ పక్కగా లేదా కిందగా బయటపడుతుంది. సజ్జ ముందు అంచు అడుగున సన్నని గాడి లేకపోతే నీరు కిందికి జారిపోకుండా సజ్జ అడుగుభాగం వెంట లోపలికి పాకి కిటికీ నెత్తి మీదికి వస్తుంది. రెండోది కిటికీ అడుగున ఉండే గ్రానైట్ పలక. అది బయటివైపు వాలుగా ఉండాలి. సమంగా ఉన్నా, లోపలికి ఒరిగినా నీరు చట్రం కిందికే వెళ్తుంది. మూడోది చట్రానికీ గోడకూ మధ్య ఉన్న సందు. ముప్పై ఏళ్ల నాటి సిమెంటు అక్కడ చెక్కను వదిలేసి ఉంటుంది.

పరీక్ష కూడా సులువే. వాన లేని రోజున పైపుతో ముందు కింది పలక మీద మాత్రమే కాసేపు నీళ్లు పట్టండి, లోపల చూడండి. తడి రాకపోతే చట్రం పక్క సందుల మీద, ఆ తర్వాత రెక్కల మీద, చివరికి సజ్జ మూల మీద పట్టండి. పైనుంచి మొదలుపెడితే నీరు అన్నిటి మీదా పారి ఏది కారణమో తెలియకుండా పోతుంది, కాబట్టి కిందినుంచే పైకి రండి.

కొలతబద్ద
ఇది చాలా విలువైన సలహా. సజ్జ మరమ్మతు అపార్ట్‌మెంట్ బయటి గోడ పని కిందికి వస్తుంది కనుక ఖర్చును సంఘమే భరించాలా అన్నది కూడా అడిగి తెలుసుకోండి.

పడమటి_గది
ఇక పడమటి గదుల సంగతి. ఖరీదైన కోట్‌లో డబుల్ గ్లేజింగ్, అంటే మధ్యలో ఖాళీ ఉన్న జంట గాజు, ఉండి ఉంటుందని నా ఊహ. మా ఇంట్లో ఏడాది పొడవునా పడమటి ఎండ అనుభవించి చెబుతున్నాను, పెట్టించుకోండి. మధ్యాహ్నం ఏసీ వేసుకునే గదికి అది బాగా పనిచేస్తుంది.

కూకట్‌పల్లి_ఇంజనీరు
ఇక్కడ నేను విభేదిస్తాను. గాజు ద్వారా వేడి రెండు దారుల్లో వస్తుంది. బయటి గాలి వేడి గాజును దాటి రావడం ఒకటి, ఎండ నేరుగా గాజు గుండా లోపలికి పడటం రెండోది. మొదటిదాన్ని యూ విలువతో కొలుస్తారు. ఒంటి గాజుకు అది సుమారు 5.7, మధ్యలో 12 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్న మామూలు జంట గాజుకు సుమారు 2.8, అంటే సగానికి తగ్గుతుంది. కానీ నేరుగా పడే ఎండలో ఎంత భాగం వేడిగా లోపలికి వస్తుందన్న లెక్క చూస్తే, 6 మిల్లీమీటర్ల తెల్లని ఒంటి గాజుకు సుమారు 0.82, తెల్లని జంట గాజుకు సుమారు 0.70. అంటే తగ్గేది కొంచెమే. పడమటి కిటికీ బాధ అంతా ఈ రెండో దారిలోనే ఉంది. దానికి కావలసింది ఎండను వెనక్కి పంపే పూత ఉన్న సోలార్ కంట్రోల్ గాజు, లేదా గాజుకు బయట నీడ.

సజ్జ ఉంది కదా అని ఎవరైనా అనవచ్చు. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండి నిలువు వస్తువులకు నీడే కనిపించదు. ఆ వేళ సజ్జ బాగా కాపాడుతుంది. సాయంత్రం నాలుగు గంటలకు సూర్యుడు పడమట కిందికి దిగి, సజ్జ కిందినుంచి నేరుగా గదిలోకి కొడతాడు. అప్పుడు ఎంత వెడల్పు సజ్జ ఉన్నా ప్రయోజనం తక్కువే.

సైనిక్‌పురి_శారద
మేము పడమటి కిటికీ బయట వెదురు తెర కట్టించాము. లోపల వేసే మందపాటి కర్టెన్ కంటే దాని గుణం చాలా ఎక్కువ. కర్టెన్ దగ్గరికి వచ్చేసరికే ఎండ గాజు దాటి గదిలోకి వచ్చేసి ఉంటుంది కదా.

పడమటి_గది
ఇంజనీరు గారి లెక్క ఒప్పుకుంటాను, కానీ వెదురు తెర గాలివానకు నిలవదు, రెండో అంతస్తులో ఊడి పడితే కింద నడిచేవారికి ప్రమాదం. పూత ఉన్న గాజునే జంట గాజులో బయటివైపు పెట్టించుకుంటే రెండు లాభాలూ దక్కుతాయి.

కూకట్‌పల్లి_ఇంజనీరు
దక్కుతాయి, డబ్బు ఉంటే. అడిగినవారు విశ్రాంత ఉద్యోగి, సాయంత్రం కిటికీలు తెరుచుకునే ఇల్లు. తెరిచిన కిటికీకి జంట గాజు ఉన్నా ఒంటి గాజు ఉన్నా ఒక్కటే. ఆ పైకం పూత గాజు మీద పెట్టడమే వారికి మేలు అని నా అభిప్రాయం. తెర ఊడి పడితే ప్రమాదమన్న మీ మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం, కట్టేవారు పైన, కింద, పక్కల కొక్కేలతో బిగించాలి.

అమీర్‌పేట్_అద్దెదారు
శబ్దం కోసం జంట గాజు మంచిది కాదా? మా ఇల్లు మెట్రో మార్గానికి దగ్గర.

కూకట్‌పల్లి_ఇంజనీరు
నిశ్శబ్దానికి మొదటి శత్రువు సందు. స్లైడింగ్ రెక్కల మధ్య కుచ్చు బ్రష్ ఉంటుంది, అందులోంచి గాలి వస్తుంది, గాలి వచ్చిన చోట శబ్దమూ వస్తుంది. కీళ్ల మీద తెరుచుకుని, రబ్బరు గాస్కెట్‌కు అదుముకుని మూసుకునే రెక్క పెట్టించుకోండి. గాజు విషయంలో రెండు పలకల మధ్య పీవీబీ అనే పారదర్శక ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ గాజు అడగండి. జంట గాజే కావాలంటే రెండు పలకలూ వేర్వేరు మందంలో ఉండేలా చూడండి, ఒకే మందం అయితే రెండూ ఒకే స్వరానికి కంపిస్తాయి. అయితే అద్దె ఇంట్లో ఇంత ఖర్చు పెట్టేముందు యజమానితో రాతపూర్వకంగా మాట్లాడుకోండి.

ఈసీఐఎల్_గృహిణి
నల్లకుంట_నివాసి గారూ, స్లైడింగ్ ఎంచుకునేముందు ఒక విషయం ఆలోచించండి. రెండు రెక్కల స్లైడింగ్‌లో ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. 4×4 కిటికీలో 16 చదరపు అడుగులకు గాను 8 మాత్రమే గాలికి మిగులుతుంది. మీ చెక్క రెక్కలు ఇన్నాళ్లూ పూర్తిగా తెరుచుకునేవి, ఆ గాలి అలవాటైన ఇంట్లో సగం తగ్గితే తేడా మొదటి వేసవిలోనే తెలుస్తుంది. స్లైడింగే కావాలంటే 2.5 ట్రాక్ అడగండి, రెండు గాజు రెక్కలకూ ఒక జాలీకీ చోటుంటుంది.

మేస్త్రీ_కొడుకు
గ్రిల్ ఎక్కడ ఉంచుతారన్నదాన్ని బట్టే ఇది తేలుతుంది. గ్రిల్ గోడ బయటికి పెట్టించుకుంటే రెక్కలు బయటికి తెరుచుకోలేవు, అప్పుడు స్లైడింగో లోపలికి తెరుచుకునే రెక్కలో పెట్టుకోవాలి. లోపలే ఉంచితే బయటికి తెరుచుకునే రెక్కలు పెట్టుకోవచ్చు, జాలీ లోపలికి తెరుచుకుంటుంది. పైగా ఇంట్లో కనీసం ఒక పడకగది గ్రిల్‌లో తాళంతో తెరుచుకునే చిన్న తలుపు ఉంచండి. నిప్పు అంటుకుంటే బయటికి దారి ఉండాలి. తాళంచెవి దాని పక్కనే, పిల్లలకు అందని ఎత్తులో వేలాడదీయండి.

నల్లకుంట_నివాసి
80 వేలు చెప్పినవారు పాత చట్రం తీయకుండా దాని లోపలే కొత్తది బిగిస్తామన్నారు. గోడ పగలదు, దుమ్ము ఉండదు అంటున్నారు. అది మంచిదేనా?

మేస్త్రీ_కొడుకు
మీ పడమటి కిటికీలకు వద్దు. కుళ్లిన చెక్కకు కొత్త చట్రాన్ని మరలతో బిగిస్తే మర పట్టేదేముంది? చెదలు ఉంటే లోపల అలాగే ఉండిపోతాయి. గట్టి చట్రాలకైతే ఆలోచించవచ్చు, కానీ వెలుతురు ఎంత పోతుందో లెక్క వేసుకోండి. నాలుగు పక్కలా రెండున్నర అంగుళాల చొప్పున తగ్గితే 48 అంగుళాల కిటికీ 43 అంగుళాలు అవుతుంది, వైశాల్యంలో సుమారు 20 శాతం పోయినట్టు.

పాత చట్రం పీకితే ఖర్చు ఇలా పెరుగుతుంది. చట్రాన్ని గోడలో పట్టి ఉంచే ఇనుప హోల్డ్‌ఫాస్ట్‌లను తవ్వి తీయాలి, అక్కడ గోడ పగులుతుంది. తర్వాత ప్లాస్టరింగ్, అది ఆరాక లప్పం, ఆపైన రంగు. రంగు ఆ ఒక్క చోట వేస్తే అతుకు తెలుస్తుంది కనుక గోడ మొత్తానికి వేయాలి. పాత గ్రిల్ కొత్త కొలతకు సరిపోకపోతే వెల్డింగ్. బయటివైపు పనికి పరంజా. ఈ పనులు సాధారణంగా కిటికీ కంపెనీ కోట్‌లో ఉండవు.

కొలతబద్ద
దీనికి తోడు శిథిలాలు. పగిలిన ప్లాస్టర్‌ను చెత్త బండి తీసుకోదు, రోడ్డు పక్కన పోయడం తప్పు. నిర్మాణ వ్యర్థాలను శుద్ధి చేసే ప్లాంట్లు జీడిమెట్లలోనూ ఫతుల్లగూడలోనూ ఉన్నాయి. ఇంటి పక్కన ఎవరైనా పని చేయిస్తుంటే ఇద్దరూ కలిసి బండి మాట్లాడుకుంటే ఖర్చు తగ్గుతుంది.

వనస్థలిపురం_విశ్రాంత
యూపీవీసీ లోపల ఇనుము ఉందో లేదో ఎలా తెలుస్తుంది? బయటికి అన్నీ ఒకేలా తెల్లగా ఉంటాయి.

కొలతబద్ద
ఒక అయస్కాంతం తీసుకెళ్లండి. ప్లాస్టిక్ గోడ మందం రెండు మూడు మిల్లీమీటర్లే కనుక లోపల ఇనుప గొట్టం ఉంటే అయస్కాంతం బయటినుంచే అతుక్కుంటుంది. చట్రం మీదే కాదు, రెక్క మీద కూడా పెట్టి చూడండి, రెక్కలో మానేసేవారు ఉన్నారు. టఫెండ్ గాజుకు మూలలో చెరగని ముద్ర ఉంటుంది, అది చూడకుండా డబ్బు ఇవ్వకండి. టఫెండ్ చేసిన తర్వాత గాజును కోయడం కుదరదు, కోస్తే మొత్తం గింజలుగా పగిలిపోతుంది. కాబట్టి కొలతలు తీసుకునే మనిషి వచ్చిన రోజున మీరు ఇంట్లో ఉండి, ప్రతి కిటికీని పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలిచేలా చూడండి. పాత గోడలు ఎక్కడా సమంగా ఉండవు.

ఈసీఐఎల్_గృహిణి
వంటగది విషయం ఎవరూ చెప్పలేదు. గ్యాస్ పొయ్యి ఉన్న గదిని గాలి చొరకుండా బిగించకండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ చోటును కోట్‌లోనే రాయించండి. స్నానాలగదిలో గ్యాస్ గీజర్ ఉంటే ఇది ప్రాణాల మీది మాట. పాత వెంటిలేటర్‌లో గాజు పలకల మధ్య ఎప్పుడూ సందు ఉండేది. దాని స్థానంలో గట్టిగా మూసుకునే కొత్త రెక్క పెట్టి, మూసి స్నానం చేస్తే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. గీజర్‌ను ముందు స్నానాలగది బయటికి మార్పించి, ఆ తర్వాతే వెంటిలేటర్ మార్చండి.

నల్లకుంట_నివాసి
మాకు గ్యాస్ గీజరే ఉంది. ఈ మాట చెప్పినందుకు ఎంతో కృతజ్ఞతలు. దాన్ని వెంటనే బాల్కనీలోకి మార్పిస్తాను, అంతవరకు వెంటిలేటర్ల జోలికి వెళ్లను.

టేకు_మనిషి
వాన సంగతి కూడా చూసుకోండి. జూన్ దాటిన తర్వాత గోడ పగలగొడితే ప్లాస్టర్ ఆరదు, తేమ మీద రంగు వేస్తే పొక్కుతుంది. మా ఇంట్లో పెద్దలు ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టనివ్వరు, ఈ పనికి ఆ నియమం వాతావరణానికీ కలిసి వస్తుంది. ఫ్యాక్టరీలో తయారై రావడానికి వారాలు పడుతుంది కనుక సంక్రాంతి తర్వాత ఆర్డరు ఇస్తే ఎండలు ముదిరేలోగా బిగించడం అయిపోతుంది.

సైనిక్‌పురి_శారద
స్లైడింగ్ ట్రాక్ అడుగున నీరు బయటికి పోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. మా ఇంట్లో బిగించినవారు బయట సిలికాన్ పూసేటప్పుడు వాటిని కూడా మూసేశారు. మొదటి వానకే ట్రాక్ నిండి నీరు గదిలోకి పొంగింది. బిగించిన రోజే ట్రాక్‌లో ఒక చెంబు నీళ్లు పోసి బయటికి పోతున్నాయో లేదో చూడండి. చట్రం మీద ఉండే ప్లాస్టిక్ పొరను కూడా రంగు పని అయిన వెంటనే తీయించండి, ఎండకు నెలల తరబడి వదిలేస్తే అతుక్కుపోయి రాదు.

కొలతబద్ద
అందుకే చివరి వాయిదా చేతిలో ఉంచుకోవాలి. సగం అడ్వాన్సు, సరుకు దిగినప్పుడు 40 శాతం, నీటి పరీక్ష అయ్యాక 10 శాతం అని ఒప్పందంలో రాయించండి. సరుకు దిగగానే మొత్తం అడిగేవారితో ఒప్పుకోవద్దు.

నల్లకుంట_నివాసి
అందరి మాటలూ చదివి ఇలా అనుకుంటున్నాను. మొదటి విడతలో పడమటి కిటికీలు రెండే పూర్తిగా మారుస్తాను, 32 చదరపు అడుగులు. పూత ఉన్న టఫెండ్ ఒంటి గాజు, బయటికి తెరుచుకునే రెక్కలు, గ్రిల్ లోపలే. చదరపు అడుగు వెయ్యి రూపాయలు అనుకుంటే 32,000, జీఎస్‌టీ 5,760, మొత్తం 37,760. ప్లాస్టరింగ్, రంగు, పరంజా, గ్రిల్ వెల్డింగ్‌కు 20,000 వేరుగా పెట్టుకుంటాను. హాలు కిటికీకి పైపు పరీక్ష చేసి సజ్జ పని సంఘంతో మాట్లాడతాను. తూర్పు కిటికీలకు వడ్రంగిని పిలిచి అంచులకు రంగు వేయిస్తాను, వంటగదికి చట్రం ఉంచి రెక్కలు మాత్రం కొత్తవి చేయిస్తాను. ఇందులో లోపం ఉంటే చెప్పండి.

మేస్త్రీ_కొడుకు
క్రమం బాగుంది. 20,000 మీద ఇంకో ఐదు వేలు పక్కన ఉంచండి, చట్రం పీకాక లోపల ఇటుక వదులుగా ఉంటే అక్కడ కాంక్రీటు కట్టాల్సి వస్తుంది. చెదలు కనిపిస్తే గోడ మూసేముందే మందు కొట్టించండి.

కూకట్‌పల్లి_ఇంజనీరు
పూత ఉన్న గాజు ఒంటిగా వాడటానికి పనికివచ్చే రకమేనా అని సరఫరాదారుతో రాయించుకోండి. కొన్ని మెత్తని పూతలు గాలి తగిలితే పాడవుతాయి, వాటిని జంట గాజు లోపలే వాడాలి. గట్టి పూత రకం అడిగితే సరి.

కొలతబద్ద
విడతలుగా చేసేవారికి ఒక జాగ్రత్త. మొదటి బిల్లు మీద ప్రొఫైల్ (చట్రం కడ్డీ) తయారుచేసిన కంపెనీ పేరు, సిరీస్, రంగు సంకేతం, గాజు రకం అన్నీ రాయించి దాచుకోండి. రెండేళ్ల తర్వాత మిగతా కిటికీలకు ‘అదే తెలుపు’ అని నోటితో చెబితే వచ్చేది వేరే తెలుపు. బయటికి కనిపించే రంగు విషయంలో సంఘం అనుమతి కూడా ఆర్డరుకు ముందే కాగితం మీద తీసుకోండి.